చెరువు మీద కొన్న ఇంజను

మా బావమరిది అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. బందరులో వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్. భోజనాల దగ్గర నా విస్తట్లో అప్పుడే పులిహోర వడ్డించారు. వరుసలో ఉన్న వాళ్లందరికీ వినపడేలా అన్నాడు.

“మా బావ కారు పులిగడ్డ వంతెన ఎక్కాలంటే రెండు ఆపాలండీ. ఒకటి ఏసీ. రెండోది మా బావ నోరు.”

అందరూ నవ్వారు. వడ్డించే మనిషి గరిటె గాల్లో ఆపి మరీ నవ్వాడు. నా పక్కన కూర్చున్న నా భార్య కూడా నవ్వింది. ఆమె నవ్వగా చూసి చాలా నెలలైంది కాబట్టి నేను ఏమీ అనలేదు. పులిహోర మాత్రం ముట్టుకోలేదు.

మాది అవనిగడ్డ. నేను ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. ఎండాకాలంలో సముద్రపు పోటుకి డ్రెయిన్లలోకి ఉప్పు నీరు ఎక్కడిదాకా ఎక్కిందో చూసి రాయడం నా పనుల్లో ఒకటి. దానికి మొదట్లో ఒక మీటరు ఇచ్చారు. అది పాడైంది. మళ్లీ ఇమ్మని పదకొండు ఉత్తరాలు రాశాను, ఇవ్వలేదు. అప్పట్నుంచి నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని చెప్పేవాణ్ణి. నా లెక్కకీ లాబ్ వాళ్ల లెక్కకీ పెద్ద తేడా వచ్చేది కాదు. దానికి మెచ్చుకోలు కాగితం మా పై అధికారికి వచ్చింది. ఆ సంగతి వేరే.

నా భార్యకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. సోమవారం, గురువారం బందరు తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. నాలుగు గంటలు మిషను మీద ఉంటుంది. వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది. వచ్చేటప్పుడు ఒంట్లో నీరు తీసేసి ఉంటారు కాబట్టి కాస్త వేడి తగిలితే చాలు, కళ్లు తిరిగి వాంతి చేసుకుంటుంది. చల్లగాలి తగులుతుంటే కళ్లు మూసుకుని పడుకుంటుంది. ఆ చల్లగాలి కోసమే నేను ఇదంతా చేశాను. మా బావమరిది మాట కోసం కూడా చేశాను. ఏది ఎంతో విడదీసి చెప్పలేను.

మా కారు చిన్నది. మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను, ఎనిమిది వందల సీసీ. మా ప్రాంతంలో కొండలు లేవు, వంతెనలే మాకు కొండలు. పులిగడ్డ వంతెన మొదట్లోనే ఏసీ ఆపేసేవాణ్ణి. ఆపకపోతే రెండో గేరులో మూలుగుతూ ఎక్కేది, వెనకనుంచి లారీలు హారన్ కొట్టేవి. ఆపితే వంతెన దిగేసరికి ఆమె నుదుటి మీద చెమట పట్టేది. నేను ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ప్లాస్టిక్ కవరు పట్టుకునేవాణ్ణి. ఇంజను పాతబడ్డాక చదును రోడ్డు మీద కూడా ఏసీ వేస్తే లాగడం మానేసింది. లాగితే ఏసీ ఉండదు, ఏసీ ఉంటే లాగదు.

అమ్మేసి పెద్దది కొనుక్కోమని మా బావమరిది మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ డొక్కు అనే మాట వాడాడు. ఈ కారు ముందు సీటు ఎత్తు ఆమె మోకాళ్లకి సరిగ్గా సరిపోతుంది. పెద్ద కార్లలో కాలు పైకెత్తి ఎక్కాలి, ఆమెకు చేతకాదు. నేను అమ్మకపోవడానికి అది ఒక కారణం. అమ్మితే అతని మాట నెగ్గినట్టవుతుంది. అదీ కారణమే.

గుడివాడలో మంచి పనివాడు ఉన్నాడని ఎవరో చెబితే వెళ్లాను. ఊరి చివర రేకుల షెడ్డు. మెకానిక్ వయసు ఇంచుమించు నా వయసే. కళ్లజోడుకి పురికొస కట్టి మెడలో వేసుకున్నాడు. బానెట్ ఎత్తి కాసేపు చెవి పెట్టి విన్నాడు.

“దీన్ని బోరు చేసి పిస్టన్లు మారిస్తే కొత్తదాన్లా తిరుగుద్దండీ. కానీ కొత్తగా ఉన్నప్పుడు మాత్రం ఇది లాగిందా? ముసలమ్మకి కళ్లజోడు పెడితే సైకిలు తొక్కుద్దా?”

“మరేం చేద్దాం?”

“పెద్దింజను పెడదాం. డీజిలు. టర్బో. కంప్యూటరు లేని పాత రకం దొరికితే నేను కూర్చోబెడతాను.”

టర్బో అంటే ఏమిటో నాకు తెలియదని అతనికి తెలిసిపోయింది. “కొలిమి దగ్గర తిత్తి చూశారుగా. ఊదితే నిప్పు రాజుకుంటది. ఇదీ అంతే. ఇంజను వదిలే పొగే ఒక చక్రం తిప్పుద్ది, ఆ చక్రం లోపలికి గాలి ఊదుద్ది. బయటికి పోయేదాంతోనే ఊడిగం చేయించుకోవడం.”

“వంతెన ఎక్కుతుందా?”

“ఇన్‌స్పెక్టరు గారూ, వంతెనే మీ కాడికి వచ్చుద్ది.”

“ఏసీ వేసుకుని?”

“దుప్పటి తెచ్చుకోండి.”

ఆర్టీవో ఆఫీసులో ఏమంటారో అని అడిగాను. వేరే మోడలు ఇంజను, పైగా పెట్రోలు బండికి డీజిలు. “అడిగితే కుదరదంటారు. అడక్కపోతే ఎవరూ ఏమీ అనరు,” అన్నాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బందరు కలెక్టరేటులో ప్రతి సోమవారం ప్రజల నుంచి అర్జీలు తీసుకుంటారు. నా భార్య మిషను మీద ఉండే ఆ నాలుగు గంటల్లో నేను అక్కడికి వెళ్లి అర్జీ ఇచ్చి వస్తాను. డయాలసిస్ వార్డులో ఫ్యాన్లు, మోపిదేవి దగ్గర రోడ్డు గుంటలు, బస్సుల్లో వికలాంగుల సీట్లు, ఎవడు ఏ రూలు తప్పినా నేను కాగితం పెట్టాను. అలాంటివాణ్ణి, నా కారు విషయంలో ఎవరినీ ఏమీ అడగలేదు.

మా వైపు యాక్సిడెంటయిన కార్ల ఇంజన్లు పాత ఇనప కొట్టుకి పోవు. గుడివాడ దాటాక ముదినేపల్లి, కైకలూరు వైపంతా చెరువులే. ఆ ఇంజన్లు వాటి గట్ల మీదకి పోయి నీళ్లు తోడతాయి. మళ్లీ ఎవరికైనా ఇంజను కావాల్సొస్తే, రోడ్డు మీద తిరిగినదానికంటే చెరువు మీద తిరిగినదాన్నే నమ్ముతారు. రోడ్డు మీద దాన్ని ఎవడెలా తొక్కాడో తెలియదు. చెరువు మీద ఎవరూ తొక్కరు, గేర్లు మార్చరు, ఒకే వేగంలో రోజుల తరబడి తిరుగుతుంది. ఆగకుండా తిరిగిందే ఇంజను అంటారు. ఒక్కటి మాత్రం చూసుకోవాలి. గట్టు మీద ఇంజనుకి రేడియేటరు ఉండదు. చెరువు నీళ్లే పైపులో లోపలికి వెళ్లి, వేడి తీసుకుని, మళ్లీ చెరువులోనే పడతాయి. చేపల చెరువైతే మంచినీళ్లు, ఫర్వాలేదు. రొయ్యల చెరువైతే ఉప్పునీళ్లు. ఉప్పు ఇనుమును లోపల్లోపల తినేస్తుంది. శబ్దంలో తెలియదు, పొగలో తెలియదు.

మెకానిక్ అదే చెప్పాడు. “ముదినేపల్లి అవతల ఒకటుందని తెలిసింది. నేను షెడ్డు వదిలి రాలేను, మీరే వెళ్లండి. స్టార్ట్ చేయించండి. పొగ చూడండి. నీళ్లు నోట్లో వేసుకోండి. ఉప్పగా ఉంటే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్యండి. మీకు చెప్పాలా ఆ ముక్క?”

చెప్పక్కర్లేదు.

ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్లాను. చెరువు యజమాని పాకలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్ మాట్లాడుతున్నాడు. పక్కన ఇంకో కుర్చీ ఉంది. దాని మీద అతని తువ్వాలు ఉంది. తువ్వాలు తీయలేదు. నేను ఎండలో నిలబడ్డాను. నా సర్వీసులో ఏ గట్టు మీదకి వెళ్లినా ముందు కుర్చీ వేసి తర్వాత మాట్లాడేవారు. ఫోన్ అయ్యాక నా వైపు చూడకుండా ఆటో డ్రైవరుని పలకరించాడు, వాళ్లది పక్క ఊరేనట. అతనికి టీ తెప్పించాడు. ఒక్క గ్లాసే వచ్చింది.

“ఏవయ్యా, ఇంజను కోసం వచ్చింది నువ్వేనా? ఏ కారుకి?”

చెప్పాను.

“ఓర్నీ, ఆ అగ్గిపెట్టెకా! దానికిది పెడితే ఇంజను నిన్నొదిలేసి ముందు పోద్దయ్యా!”

డ్రైవరు టీ ఒలకబోసుకుంటూ నవ్వాడు.

ఇంజను స్టార్ట్ చేయించాడు. మొదటి తిప్పుకే అందుకుంది. శబ్దం నిలకడగా ఉంది. పొగ లేదు. “నడుస్తుందిగా. ఇంకేం చూస్తావు?” అన్నాడు. “ఏం చూడను. ఎక్కించండి,” అన్నాను. ఆ గట్టు మీద ఇంకొక్క నిమిషం నిలబడటం నాకు ఇష్టం లేదు. నీళ్లు బయటికి పడే పైపు నా చెప్పుకి మూరెడు దూరంలో ఉంది. వంగితే వేలికి అందేది. వంగలేదు. చేపలా రొయ్యలా అని కూడా అడగలేదు. అడగాలంటే ఆ మనిషితో ఇంకో మాట మాట్లాడాలి.

తర్వాత ఆలోచిస్తే కొన్ని గుర్తొచ్చాయి. గట్టు మీద గడ్డి లేదు. నీటి అంచున మట్టి తెల్లగా పొడిబారి ఉంది. పాక వెనక కొబ్బరిచెట్టు ఒకటి మొవ్వు ఎండిపోయి ఉంది. ముప్పై ఏళ్లు నేను చూసి రాసినవి ఇవే.

“నీళ్లు చూశారా?” అని అడిగాడు మెకానిక్.

“చూశాను,” అన్నాను.

కారు షెడ్డులో మూడు వారాలు ఉంది. మా బావమరిది ఫోన్ చేశాడు. “బావా, నా కారు, డ్రైవరు, రెండు రోజులూ పంపిస్తాను. అక్క బస్సులో ఎలా వస్తుంది?” అవసరం లేదన్నాను. వాడు ఏమన్నాడని ఆమె అడిగింది. పలకరించాడని చెప్పాను.

బస్సులో ఆరుసార్లు వెళ్లొచ్చాం. వచ్చేటప్పుడు ఆమె ముందు సీటు వెనకున్న ఇనప కడ్డీకి నుదురు ఆనించి కూర్చునేది. దిగేసరికి కడ్డీ అచ్చు నుదుటి మీద ఉండేది. చల్లపల్లి బస్టాండులో ఒకసారి బస్సు దిగేలోపే వాంతి చేసుకుంది. పూలమ్మే ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె కాళ్లు కడిగింది. కండక్టరు మాత్రం “ఇట్టాంటోళ్లని ఆటోలో తీసుకెళ్లాలండీ” అన్నాడు. అతని మీద అర్జీ పెట్టాను. ఆ ఆరు ప్రయాణాల గురించి ఆమె నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. నేను కూడా ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాయడమే మొదటిసారి.

మిగిలిన రోజుల్లో షెడ్డుకి వెళ్లేవాణ్ణి. పందిరి రాటలా మూడు పైపులు నిలబెట్టి, గొలుసుతో పాత ఇంజను పైకి లాగారు. ఖాళీ అయిన చోట నా కారు పళ్లు లేని నోరులా ఉంది. పాత ఇంజనుని గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. పారేసేవి నేను పారేయను. కొత్తది ఆ చోట పట్టలేదు. ముందుండే అడ్డపట్టీ కోసి, కిందకి దించి మళ్లీ వెల్డింగు చేశారు. బ్యాటరీకి చోటు లేక డిక్కీలోకి మార్చారు. బరువుకి ముందు స్ప్రింగులు కూర్చుండిపోతే గట్టివి వేశారు. రేడియేటరు పెద్దది పెట్టారు. బ్రేకులు మార్చారు. పెట్రోలు ట్యాంకు దింపి కడిగారు. చివరికి బానెట్ మూత పడక రబ్బరు వాషర్లు వేసి ఎత్తారు.

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి ఇంజను మార్చి చూళ్లేదండీ,” అన్నాడు మెకానిక్, మోచేతుల దాకా గ్రీజుతో.

కారు చేతికొచ్చిన సోమవారం ఆమెను బందరు తీసుకెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు ఏసీ మూడు మీద పెట్టాను. వంతెన కనపడింది. చెయ్యి అలవాటుగా ఏసీ మీదకి వెళ్లింది, వెనక్కి తీసుకున్నాను. నాలుగో గేరులోనే ఎక్కింది. లోపలెక్కడో సన్నగా ఈల వేసినట్టు వినపడింది, అది టర్బో. గడ్డి వేసుకుని వెళ్తున్న ట్రాక్టరుని దాటాను. నా కారు వంతెన మీద ఇంకొక బండిని దాటడం అదే మొదలు. పక్కకి చూశాను. ఆమె నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఇంటి గేటు దగ్గర కళ్లు తెరిచింది.

“వంతెన వచ్చిందా?”

“దాటేశాం.”

“ఓహో.”

ఓణీల ఫంక్షన్ నాటి నుంచి నేను ఎదురుచూసింది దీనికే. నాకు ఏమీ అనిపించలేదు. ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని స్టీరింగు పట్టుకుని కాసేపు కూర్చున్నాను. తర్వాత దిగి గేటు వేశాను.

సాయంత్రం మా బావమరిదికి ఫోన్ చేశాను. “వంతెన ఎక్కిందోయ్. ఏసీ మూడు మీద పెట్టి.”

“ఏ వంతెన బావా?”

“ఓణీల ఫంక్షన్‌లో అన్నావుగా.”

“ఏమన్నాను?”

చెప్పాను. నా గురించి అన్న మాట నా నోటితోనే చెప్పాను.

“అలా అన్నానా? భలే అన్నానే!” అని మళ్లీ నవ్వాడు.

తర్వాతి సోమవారం ఒక అర్జీ రాసుకుని వెళ్లాను. ఆ వంతెన మీద రెండు స్లాబులు కలిసే చోట ఇనప పట్టీ పైకి లేచింది, దాని మీద ఎక్కితే కుదుపుకి, డయాలసిస్ సూదులు గుచ్చి కట్టు కట్టిన ఆమె చెయ్యి నొప్పి పెడుతుంది. వరుసలో నిలబడ్డాక చూస్తే బల్ల వెనక అధికారుల్లో రవాణా శాఖ ఆయన కూడా ఉన్నాడు. కింద చెట్టు నీడలో నా కారు ఉంది. ఆర్సీలో ఉన్న ఇంజను నంబరు నా ఇంటి వసారాలో గోనెసంచిలో ఉంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వరుసలోంచి బయటికి వచ్చాను. ముద్ర వేసే గుమస్తా చూశాడు. “ఏమండీ, ఈ వారం జిల్లాలో అన్నీ బాగున్నాయా?” అన్నాడు. దాన్నీ మర్చిపోలేదు. ఆ తర్వాత రెండు నెలలకు పైగా నేను ఒక్క అర్జీ కూడా పెట్టలేదు. ఆ నాలుగు గంటలూ ఆసుపత్రి వరండాలో కూర్చునేవాణ్ణి. ఆ రెండు నెలలూ ఆమె ప్రతిసారీ నిద్రపోతూ ఇంటికి వచ్చింది.

మే నెలలో ఒక గురువారం, వెళ్లేటప్పుడు, చల్లపల్లి దాటి కొంత దూరం వెళ్లాక వేడి చూపించే ముల్లు పైకి లేచింది. పక్కకి ఆపి బానెట్ ఎత్తాను. ఆవిరి వచ్చింది. చల్లారాక మూత తీసి బాటిల్‌లో నీళ్లు పోశాను. పోసినవి పోసినట్టే కిందకి కారిపోయాయి. ఎర్రగా, తుప్పు రంగులో. ఇంకో బాటిల్ పోశాను. పొలంలో బోరు దగ్గరికి వెళ్లి డబ్బాతో తెచ్చి పోశాను.

ఆమె తుమ్మచెట్టు నీడలో, రోడ్డు పక్క దూరం చెప్పే రాయి మీద కూర్చుంది. ఆమెకు రోజంతటికీ నీళ్లకి కొలత ఉంది. చిన్న ఫ్లాస్కులో నాలుగు ఐసు ముక్కలు తెచ్చుకుంటుంది. దాహమైతే ఒకటి నోట్లో వేసుకుంటుంది. ఒక ముక్క బుగ్గన పెట్టుకుని నన్ను చూస్తోంది.

“దానికెన్నయినా పోయొచ్చా?”

“కారిపోతోంది.”

“పోసింది పోసినట్టు బయటికి పోతోందా?”

“ఆ.”

“దాని అదృష్టం,” అంది.

పదకొండు గంటలకి ఆమె మిషను టైము. ఆలస్యమైతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఒక రోజు తప్పితే ఆమెకు పాదాలు వాస్తాయి, రెండు రోజులు తప్పితే ఊపిరి అందదు. ఆటోలు నిండా జనంతో వెళ్తున్నాయి. బస్సు చెయ్యెత్తినా ఆపలేదు. ఎవరికి ఫోన్ చేయాలో నాకు తెలుసు. ఫోన్ జేబులోనే ఉంది. నేను మళ్లీ డబ్బా పట్టుకుని బోరు దగ్గరికి బయల్దేరాను.

వెనక్కి వచ్చేసరికి ఆమె తన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉంది. “తమ్ముడూ, చల్లపల్లి అవతల ఆగిపోయాం. నువ్వు రా,” అని పెట్టేసింది. నన్ను అడగలేదు.

అరగంటలో వచ్చాడు. ఇంజను ఆపకుండా, ఏసీ అలాగే ఉంచి దిగాడు. డిక్కీ తీసి ఒక చెక్కపీట తెచ్చి ముందు తలుపు కింద వేశాడు. ఇంట్లోంచి తెచ్చాడన్నమాట. అక్క మోకాళ్ల సంగతి అతనికీ తెలుసు. ఆమె పీట మీద ఒక కాలు పెట్టి, అతని భుజం పట్టుకుని, సులువుగానే ఎక్కింది. ఆ పీట నాకెందుకు తట్టలేదో తెలియదు.

“బావా, మీరూ రండి.”

“కారు వదిలేసి ఎలా వస్తాను?”

“సరే బావా.”

డొక్కు అనలేదు. నవ్వలేదు. నా కారు వైపు కూడా చూడలేదు. ఆ రోజు అతను ఏమీ అనలేదు. అది కూడా నాకు గుర్తుంది.

కారుని తాడు కట్టించి గుడివాడ చేర్చాను. మెకానిక్ ఇంజను వెనకవైపు పైపులు విప్పాడు. నీళ్లు తిరిగే చోట ఇనుము పుచ్చుపళ్లలా ఉంది. సన్నటి చిల్లులు. ఒక మూల, పైపు కప్పేసిన చోట, తెల్లగా అట్టకట్టి ఉంది. స్క్రూడ్రైవరుతో గీరి, ఆ పొడి అరచేతిలో వేసుకుని నా ముందుకి చాపాడు.

“చూడండి.”

వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను.

“రొయ్యలే,” అన్నాను.

“చూశానన్నారుగా.”

“చూళ్లేదు.”

“అదేంటండీ, పనిగట్టుకుని పంపితే! ఊరందరికీ నీళ్ల రుచి చెప్పిన మనిషి మీరు.”

“అతను నాకు కుర్చీ వేయలేదు.”

“ఎవరు?”

“ఆ చెరువాయన. ఆటోవాడికి టీ ఇచ్చాడు. నాకు కుర్చీ వేయలేదు.”

మెకానిక్ కళ్లజోడు తీసి మెడలో వదిలేశాడు. తర్వాత తను కూర్చునే స్టూలు మీద గ్రీజు చొక్కాతో తుడిచి నా దగ్గరికి జరిపాడు.

“కూర్చోండి,” అన్నాడు.

కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. అతను వేరే కారు కిందకి వెళ్లి పని చేసుకున్నాడు.

చిల్లులు పూడ్చినా నిలవదని, ఇంకో ఇంజను వెతకాలని చెప్పాడు. ఇంటికి వచ్చి ఆమెకు మొత్తం చెప్పాను. కుర్చీ సంగతి కూడా. ఆమె మందులు డబ్బాలో సర్దుకుంటూ విన్నది.

“పాతది ఉందిగా గోనెసంచిలో. బాగుచేయించి అదే పెట్టించండి.”

“వంతెన?”

“ఇన్నేళ్లూ ఎక్కలేదా ఏంటి?”

“మళ్లీ వాంతులవుతాయి నీకు.”

“బస్సులో కాలేదా?” అంది. బస్సు మాట ఆమె ఎత్తడం ఆ ఒక్కసారే.

బయట వసారాలోకి వెళ్లి మా బావమరిదికి ఫోన్ చేశాను. “కారు పంపించు. సోమవారం, గురువారం. నెలరోజులు.” అంతకంటే ఒక్క మాట కూడా ఎక్కువ అనలేదు. అతను కూడా “సరే బావా” అన్నాడంతే. ఆ నెలంతా ఆమె పీట మీద కాలు పెట్టి ముందు సీట్లో ఎక్కింది. నేను వెనక సీట్లో కూర్చున్నాను. ఆ కారు వంతెన ఎలా ఎక్కిందో నేను గమనించలేదు. కిటికీలోంచి నది చూశాను.

పాత ఇంజనుని బోరు చేయించి మళ్లీ దాని చోట దాన్ని కూర్చోబెట్టారు. కోసిన అడ్డపట్టీ మళ్లీ వెల్డింగు చేశారు. ట్యాంకులో మళ్లీ పెట్రోలు. ఆర్సీలో ఉన్న నంబరూ, ఇంజను మీద ఉన్న నంబరూ ఒకటే. మొదటి సోమవారమే కలెక్టరేటుకి వెళ్లి, వంతెన మీద ఇనప పట్టీ గురించి రాసిన ఆ పాత అర్జీ తేదీ మార్చి ఇచ్చాను. గుమస్తా ముద్ర వేశాడు. “మీరు లేక బోసిపోయిందండీ,” అన్నాడు. అది ఎగతాళో పలకరింపో తేల్చుకోలేకపోయాను.

ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు గుమస్తా అన్న మాట ఆమెకు చెప్పాను. అక్కణ్ణుంచి కండక్టరు, కండక్టరు నుంచి చెరువాయన. కుర్చీ మీద తువ్వాలు ఏ రంగో కూడా చెబుతున్నాను. పులిగడ్డ వచ్చింది. కట్టు కట్టిన ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడి చెయ్యి చాపి ఆమే ఏసీ ఆపింది. అద్దం కొంచెం దించుకుంది.

నేను చెబుతూనే ఉన్నాను.

“ఒకటి ఆపాను,” అంది ఆమె, కళ్లు మూసుకునే. “రెండోది మీ చేతిలో ఉంది.”

ఆపేశాను.

కారు రెండో గేరులో మూలుగుతూ ఎక్కింది. ఇనప పట్టీ దగ్గర నెమ్మది చేశాను. వెనక లారీ హారన్ కొట్టింది. ఇంకోసారి కొట్టింది. నది మీద గాలి వేడిగా ఉంది. ఆమె నుదుటి మీద చెమట మొదలైంది. కవరు నా ఒళ్లో సిద్ధంగా ఉంది. ఆమె ముక్కుతో గాలి పీల్చి నోటితో వదులుతోంది, నర్సు నేర్పినట్టు. వంతెన దిగాక ఆమే ఏసీ వేసుకుంది.

కవరు అవసరం పడలేదు. మమ్మల్ని దాటి వెళ్లిన లారీ నంబరు మాత్రం నేను చూసి పెట్టుకున్నాను.